బొమ్మల గుంపు

“మా బిడ్డను పాటల దిక్కు ఏస్తే మీకేం పోతది మేడం?” అన్నాడు తిరుపతి.

నాచారంలోని ఆ సర్కారు బడి వరండాలో, పరిశోధన కోసం వచ్చిన మనస్విని రెండు జాబితాలు పట్టుకుని నిలబడి ఉంది. ఒకటో తరగతి పిల్లలు నలభై మంది. అమ్మానాన్నల ఎదురుగానే చీటీలు తీశారు. ఇరవై మందికి ఏడాది పాటు వారానికి రెండు రోజులు పాట, తాళం. మిగతా ఇరవై మందికి అవే రోజుల్లో బొమ్మలు వేయడం. తిరుపతి కూతురు హిమజ పేరు బొమ్మల జాబితాలోకి వచ్చింది.

మనస్విని ఓపికగానే చెప్పింది. ఇది పరిశోధన అనీ, చీటీలో వచ్చినదాన్ని మారిస్తే అంతా చెడిపోతుందనీ, బొమ్మలు కూడా పిల్లలకు మంచివేననీ చెప్పింది. తిరుపతి కదల్లేదు. మందుల కంపెనీలో నైట్ డ్యూటీ దిగి, యూనిఫాంతోనే నేరుగా వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మొన్న మీటింగుల మీరే చెప్పిన్రు గద. గీ వయసుల పాట నేర్చుకుంటే చెవి పదునెక్కుతది, మెదడుల మాటల జాగ గట్టిపడతది అని. మా హిమజకు ‘త’ అన్నా ‘ద’ అన్నా ఒక్కతీర్గనే ఇనొస్తది. దవాఖానల చూపెడితే చెవులు మంచిగనే ఉన్నయన్నరు. ఇగ పాట అవసరం ఎవ్వలకున్నట్టు?”

మనస్విని దగ్గర జవాబు ఉంది గానీ, అది తండ్రికి చెప్పదగ్గది కాదు. పాట లేని పిల్లలు ఉంటేనే పాట వల్ల ఏం జరిగిందో తెలుస్తుంది. ఆ లేని పిల్లల్లో నీ కూతురు ఒకతె. ఈ మాటను మెత్తగా చెప్పబోయి మానేసింది. మార్చడానికి వీల్లేదండీ, అని మాత్రం అంది.

తిరుపతి కూతురి వైపు చూశాడు. పిల్ల కొత్త రంగు పెన్సిళ్ల డబ్బా మూత తీస్తూ, వేస్తూ ఉంది. ఆమెను తరగతిలో దింపి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఉప్పల్ దాకా బస్సులో నిలబడి వెళుతున్నంతసేపూ మనస్వినికి అతని ముఖమే గుర్తొచ్చింది. తర్వాత పనిలో పడి మరిచిపోయింది.

ఏడాది తిరిగింది. క్లాసులు మొదలుకాకముందు చేసినట్టే పిల్లలను మళ్లీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, తలకు తీగల టోపీ పెట్టి, చెవుల్లో త, ద, ప, బ శబ్దాలు వినిపించారు. శబ్దం మారిన సంగతి మెదడు ఎంత త్వరగా పసిగడుతుందో తెర మీది గీతలు చెబుతాయి. పాటల పిల్లల గీతలు నిరుటికన్నా ఎంతో చురుగ్గా ఉన్నాయి. మనస్విని పొంగిపోయింది. మరుసటి వారం బొమ్మల పిల్లలవి తీసింది. అవీ చురుగ్గానే ఉన్నాయి. నిజం చెప్పాలంటే వెంట్రుకవాసి ఎక్కువే. హిమజ అయితే ‘త’కీ ‘ద’కీ ఒక్కసారి కూడా పొరబడలేదు.

యంత్రంలో ఏదో లోపం ఉందనుకుని అందరికీ మళ్లీ పరీక్ష పెట్టింది. మళ్లీ అదే వచ్చింది.

ఈ పరిశోధనకు పెద్ద తారామణి మేడం. ఆవిడ కాగితాలు రెండుసార్లు తిరగేసి, ఇందులో పాట చేసిన గొప్పేమీ లేదని తేల్చారు. పిల్లలు ఏడాది ఎదిగారు, బొమ్మల వల్ల నిలకడ కుదిరినవాళ్లు ఇంకొంచెం ఎక్కువ ఎదిగారు, అంతే. నివేదిక అలాగే పైకి వెళ్లింది. కాప్రా, చిల్కానగర్ బడుల్లో మొదలుపెట్టాలనుకున్న పాటల క్లాసులు రద్దయ్యాయి. ఇక్కడ కూడా ఆపేశారు. పాట చెప్పే సూర్యకళ టీచర్ హార్మోనియాన్ని ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మనస్విని రెండు రోజులు సరిగ్గా తినలేదు. అయినా లోపల ఒక మూల ఊరటగానే ఉంది, తిరుపతి కూతురికి అన్యాయమేమీ జరగలేదని.

వారం తర్వాత తిరుపతి మళ్లీ వరండాలోకి వచ్చాడు.

“పాటల క్లాసు ఎందుకు బంద్ జేసిన్రు మేడం?”

మీ పాపది బొమ్మల గుంపు కదా, మీకెందుకు ఆ బెంగ అని నవ్వింది మనస్విని. తనే ఒక కుర్చీ లాగి అతన్ని కూర్చోమంది. హిమజ పాటల పిల్లలను మించిపోయిందని చెప్పింది. హిమజ ఒక్కతే కాదు, బొమ్మల పిల్లలంతా మించారనీ, అందుకే పాట అక్కర్లేదని పెద్దవాళ్లు తేల్చారనీ చెప్పింది.

తిరుపతి కూర్చోలేదు. శుభవార్త విన్నవాడి ముఖంలా లేదు అతని ముఖం.

“కోపం జెయ్యకుండ్రి మేడం. డ్యూటీ దిగినంక పాటల రూము కిటికీ కింద కూసొని, టీచరమ్మ చెప్పిందంతా ఫోన్ల ఎక్కించిన. ఇంట్ల హిమజతోని రోజు పాడిపిచ్చిన.”

మనస్విని పెన్ను కింద పెట్టింది. గబగబా మనసులోనే లెక్క వేసుకుంది. హిమజ ఒక్కతెను తీసేసినా ఇంకా పందొమ్మిది మంది ఉంటారు, నివేదికకు ఢోకా లేదు. ఫర్వాలేదు, మీ పాప ఒక్కతే కదా అంది.

“ఒక్క మా బిడ్డకే అయితే మంచిగుండదని, బొమ్మల పిల్లల తల్లిదండ్రులందరితోని వాట్సాప్ గ్రూపు జేసి అండ్ల పెట్టిన మేడం, ఇరవై ఇండ్లల్ల పొద్దుమాపు గవే పాటలు.”