బల్లి పలికిన నిజం

ఏ అడవి అంటే ఏం చెప్పను, మీకు తెలిసిన అడవే అనుకోండి. అక్కడి పాతగుడి గోడ మీద ఒక ముసలి బల్లి ఉండేది. ఎవరైనా మాట అంటుండగా బల్లి పలికితే ఆ మాట సత్యమని అడవంతా నమ్మకం.

గుళ్లో దేవుడి తల వెనక చెక్కడం ఏనాడో అరిగిపోయింది. అది పింఛమని నెమళ్లు, కాదు పడగ అని పాములు తగువుకు దిగాయి. ఓడినవాళ్లు గుడి విడిచి పోవాలట! సాక్ష్యానికి బల్లి దగ్గరికొచ్చాయి.

"ఈ స్వామి మావాడు. గుడి కట్టింది మా తాతలు," అంది పెద్దనెమలి. బల్లి పలకలేదు.

"మా ముత్తాతలు కట్టాక నిన్నగాక మొన్న వచ్చారు మీరు!" అని బుసకొట్టింది నాగుపాము. బల్లి అప్పుడూ పలకలేదు.

"పలకవేమత్తా?" అన్నాయి రెండూ.

"పుట్టినప్పటినుంచీ ఆ స్వామి తల మీదే పురుగులు పట్టుకు తింటున్నాను. అదేం చెక్కడమో నాకే తెలీదు. తెలీనిదానికి నా నోరు లేవదు," అంది బల్లి.

నెమలికి ఒళ్లు మండింది. "మా వైపు పలక్కపోతే పొడిచి చంపుతా!"

"మా వైపు పలక్కపోతే మింగేస్తా!" అంది పాము.

బల్లి గోడ వదల్లేదు. తలెత్తి, గుడంతా మారుమోగేలా పలికింది.

రెండూ ఉలిక్కిపడ్డాయి. "దేనికి పలికావ్?"

"చంపుతామన్నారుగా, దానికి! పొద్దుటినుంచీ మీ నోట వచ్చిన నిజం అదొక్కటే."