కొంగ ముక్కుకి దొప్పెడు నీళ్లు

రెండు ఏనుగుల మందలు కొట్టుకుంటుంటే, ముళ్లకంపల్లో పడి పరిగెత్తిన చిన్న ప్రాణులన్నిటికీ కొంగే వైద్యుడు. ఒకరి గాయంలో ముల్లు లాగి, అదే ముక్కు ఇంకొకరి గాయంలో పెట్టేది. నిన్న చూపించుకున్నవాళ్లకి చీము పట్టడం తల్లిజింక గమనించింది. తన పిల్ల వంతు రాగానే అడ్డంగా నిలబడింది.

"ముక్కు కడుక్కో బాబాయ్."

"తీరికేదమ్మా? ఆ వరస చూశావా?" అంది కొంగ, ఓపిక లేక తూలుతూ.

"వైద్యుడికే పాఠాలు చెబుతోంది," వెనక ఉడుత విసుక్కుంది.

జింక నీళ్ల కోసం వెళ్లింది. దొప్పలో నీళ్లు నోట కరుచుకొచ్చి, బిడ్డ మూతి కడిగినట్టు ఆ ముక్కు కడిగింది. కొంగ కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత నెమ్మదిగా ముల్లు తీసింది.

ఉడుత వరసలోంచి బయటికొచ్చి జింకతో అంది, "నా చోటు చూస్తుండక్కా. నేనూ నీళ్లు తెచ్చుకుంటా."