అరణం

"ఏమాలోచన చేస్తున్నవే?" అద్దం పట్టుకున్న బక్కయ్య పెళ్లాన్ని అడిగాడు.

సాలమ్మ ముఖానికి అర్దళం పూసుకుంది. ఆ పసుపు రంగు ఇరవై ఏళ్లుగా ఆమెకు అలవాటే. చిందు భాగోతంలో ఎల్లమ్మ వేషం కట్టిందంటే ఎంతటివాడైనా ఆమెకు దండం పెట్టాల్సిందే. వేషం విప్పాక మాత్రం ఆమే అందరికీ దూరంగా నిలబడాలి. అదీ ఆ ఊళ్ల న్యాయం!

"ఇయ్యాల ఎల్లమ్మ తల్లి పేరు మీద అబద్ధమాడత," అంది. "నా బిడ్డనియ్యొద్దని తల్లి చెప్పినట్టు నేనే చెప్త."

"వద్దే! ఆ వేషంల అబద్ధమాడితే కండ్లు పోతయ్."

"పోనియ్. గుడ్డిదాన్నయి అడుక్కతింట గని పిల్లనియ్య."

వాళ్ల బిడ్డ, పన్నెండేళ్ల పుల్లమ్మ పక్కనే కూర్చుని పరశురాముడి కిరీటం కట్టుకుంటోంది. దొర బిడ్డకు రేపే పెండ్లి. అత్తారింటికి పోయేటప్పుడు ఇత్తడి బిందెలతో, పాడి బర్రెలతో పాటు ఇద్దరు ఆడపిల్లల్ని కూడా అరణం ఇస్తారట, బతికినన్నాళ్లూ చాకిరీ చెయ్యడానికి. కూలోళ్ల ఈదమ్మను అప్పుడే దొర ఉండే గడీలోకి తోలుకుపోయారు. రెండో పిల్లగా పుల్లమ్మ కావాలని దొర కబురు చేశాడు. ఆట కాగానే బండి ఎక్కించాలి. నైజాం సర్కారు పోలీసు అమీనుసాబే నిలబడి మాట్లాడే దొర ఆయన. కాదనేదెవరు?

పొద్దుండగానే ఆట మొదలైంది. ఊరంతా నేల మీద, దొర కుర్చీలో. ఆ పక్కనే ఎడ్లు కట్టిన బండి.

సాలమ్మ కాళ్లు పగిలేటట్టు ఆడింది. చెప్పాల్సిన చోటు వచ్చింది. నోరు తెరిచింది. ఇన్నేళ్లు నమ్మి కొలిచిన తల్లి పేరు మీద అబద్ధం ఆడలేకపోయింది. బిడ్డను చేతులారా పోగొట్టుకుంటున్నానని గుండె మండిపోయింది.

"ఏమే సాలీ, మరిచినవా?" దొర నవ్వాడు. "ఇగ చాలు. పిల్లను బండెక్కియ్యిరి!"

"ఎవడ్రా?"

ఆ కేకకు మద్దెల ఆగిపోయింది. పుల్లమ్మ కిరీటం విసిరేసి, జుట్టు విరబోసుకుని ఊగుతోంది. కనుగుడ్లు పైకి పోయాయి.

"ఎవడ్రా నా పిల్లను అరణమిచ్చెటోడు? నేనొచ్చి నిలవడ్డంక ఇంక కుర్సీల కూసున్నవా? లే!"

దొర లేచాడు.

"చెప్పులిడువు!"

విడిచాడు.

"గీ పిల్లను ముట్టుకున్నవో, నీ బిడ్డ మెడల పుస్తె నిలువది! గడీల ఉన్న ఈదమ్మను గూడ వాళ్లవ్వకు అప్పజెప్పు. ఇప్పుడే!"

"తప్పయింది తల్లీ! నీ బాంచెన్!" దొర మట్టిలో సాగిలపడ్డాడు. అబ్బ, ఆ సంబురం ఊరు ఊరంతా కండ్లారా చూసింది! ఈదమ్మ పరుగెత్తుకొచ్చి తల్లిని వాటేసుకుంది.

దొర మనసు మారకముందే చిందోళ్ల మేళం ఊరు విడిచి తిరుమలగిరి దారి పట్టింది. పుల్లమ్మను నడవనివ్వలేదు, మేళం సామాన్ల బండిలో కూర్చోబెట్టారు. బక్కయ్య చేతులు జోడించి వెనకే నడిచాడు. సాలమ్మ బిడ్డ పాదాలు పట్టుకుని ఒకటే ఏడుపు.

"తల్లీ, నీ పేరు మీద అబద్ధమాడాలనుకున్న. పాపిష్టిదాన్ని. అయినా నా బిడ్డను కాపాడినవు. నా తప్పు కాయి తల్లీ!"

పుల్లమ్మ ఉలకలేదు, పలకలేదు. బండి పొలిమేర దాటింది. గడీ బురుజు కనుమరుగైంది. పుల్లమ్మ వెనక్కి ఒకసారి చూసి, తల్లి చెవి దగ్గరికి మెల్లగా వంగింది.

"అమ్మా, ఇగ నవ్వొచ్చా?"