దుబాసీ మాస్టారు

కూలిన విమానం ఇంకా మండుతూనే ఉంది. రైతు రూబెన్ గాజ్ పచ్చి బార్లీ చేను సగం మాడిపోయింది. లోపల చిక్కుకున్న ముగ్గురి మీదా ఎవరికీ ఆశ లేదు. నాలుగోవాడు మాత్రం పారాచూట్‌తో దూకి కంచె పక్కన పడ్డాడు. కాలు విరిగింది. ఇరవై ఏళ్లుంటాయేమో. జర్మన్ వాడు.

లార్టర్ మాస్టారు రొప్పుకుంటూ అక్కడికి చేరేసరికి ఊరంతా మూగి ఉంది. కుర్రాడికి ఎదురుగా ఎడ్నా థర్టిల్ నిలబడి ఉంది. చేతిలో మొగుడి తుపాకీ.

సోమవారం పక్కనున్న నార్విచ్ పట్నం మీద జర్మన్లు వేసిన బాంబులకి ఎడ్నా కూతురు ఐవీ పోయింది. పందొమ్మిదేళ్ల పిల్ల. తల్లిని ముఖమైనా చూడనివ్వకుండా, పెట్టెకి మేకులు కొట్టి, నిన్ననే పూడ్చారు.

"ఇంకా ఏం చూస్తావ్, కాల్చెయ్!" అంటున్నాడు రూబెన్. "మిలటరీ వాళ్లొస్తే వీడికి టీ పోసి, దుప్పటి కప్పి మరీ తీసుకుపోతారు. మేమెవరం ఏమీ చూడలేదు. ఏమంటార్రా?"

చుట్టూ తలలు ఊగాయి.

"కాస్త ఆగమ్మా, ఎడ్నా," అన్నారు మాస్టారు.

"ఆగాను కాబట్టే వాడింకా ఊపిరి తీస్తున్నాడు," అంది ఆమె, వాడి మీద నుంచి చూపు తిప్పకుండా. "మీకు వాళ్ల భాష వచ్చుగా. అడగండి. సోమవారం వచ్చింది వీడేనా?"

మాస్టారు మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు చిక్కి రెండేళ్లు ఖైదులో ఉన్నారు. ఆ భాష అలా అబ్బింది.

అడిగారు. కుర్రాడు తుపాకీ గొట్టం వంక చూశాడు. ఇక చావు తప్పదనుకున్నట్టున్నాడు. గడ్డం పైకెత్తాడు.

"నేనే. ఊరు తగలబడుతుంటే పైనుంచి కళ్లారా చూశాను. మళ్లీ పంపితే మళ్లీ వస్తానని చెప్పు."

తుపాకీ పైకి లేచింది.

"కాదంటున్నాడు!" అన్నారు మాస్టారు గబుక్కున. "నార్విచ్ ఎక్కడుందో కూడా తెలీదట. ఇటు రావడమే ఇది మొదటిసారట పాపం."

"అందరూ అదే కథ చెబుతారు," అని ఉమ్మేశాడు రూబెన్.

ఎడ్నా తుపాకీ దించలేదు. వేలు మీట మీదే ఉంది.

"తల్లి ఉందేమో అడగండి," అంది చివరికి.

ఆ మాట అడగ్గానే కుర్రాడి పొగరంతా దిగిపోయింది. చిన్నపిల్లాడి ముఖమైపోయింది.

"లేదు. నెల కిందట మా ఊరు ల్యూబెక్‌లో మీ ఇంగ్లీషువాళ్ల బాంబులకి పోయింది. పూడ్చుకుందామంటే ఒళ్లు కూడా దొరకలేదు."

ఉన్నదున్నట్టు చెబితే రూబెన్ శాస్తి జరిగిందని చప్పట్లు కొడతాడు. బతికున్న తల్లి అంటే ఎడ్నా మనసు కరగొచ్చు. తల్లి బాధ తల్లికే కదా తెలిసేది.

"ఉందటమ్మా. వీడొక్కడే కొడుకట. రోజూ గుమ్మంలో నిలబడి దారి చూస్తుంటుం..."

మాట పూర్తికాకముందే తుపాకీ దిగిపోయింది. ఎడ్నా తూటాలు తీసి జేబులో వేసుకుంది. కోటు విప్పి కుర్రాడి మీద పడేసింది.

"దీనికి మతి పోయింది," అన్నాడు రూబెన్. ఆమె పట్టించుకోలేదు.

కాసేపటికి మిలటరీ లారీ వచ్చి వాడిని ఎక్కించుకుపోయింది.

మాస్టారు ఎడ్నాని ఇంటిదాకా దిగబెట్టడానికి వెళ్లారు. ఒక ప్రాణం నిలబెట్టానన్న తృప్తి ఆయనకి ఏ కోశానా లేదు. బిడ్డని పోగొట్టుకున్న మనిషిని, ఆ దుఃఖంలో ఉండగానే మోసం చేశానన్న బాధే లోపల తొలిచేస్తోంది. గేటు దగ్గర ఇక ఆగలేకపోయారు.

"ఎడ్నా, ఇందాక వాడు అన్నది..."

"ఎక్కడో ఇంకో తల్లి కూడా నాలాగే ఏడవాలనే ఆ ప్రశ్న అడిగించాను మాస్టారూ, ఉందని వాడే గనక అనుంటే కాల్చేసేదాన్ని," అంది ఎడ్నా, పెళ్లికి ముందు హాంబర్గ్‌లో ఎవరి పిల్లల్నో పెంచిన రోజుల్లో వంటబట్టిన జర్మన్‌లో.