మెరెరిద్ బండి

కొండలెక్కే నాలుగు చక్రాల క్వాడ్ బండి ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మెరెరిద్ మళ్లీ బటన్ నొక్కింది. ఈసారి మూలుగు కూడా లేదు.

కొండ మీద మంచు కురుస్తోంది. అక్కడ ఆమె గొర్రెలు ఈనుతున్నాయి. అరవై దాటిన మోకాళ్లతో ఆ కొండ ఎక్కడం ఆమె వల్ల కాదు. బండి కదలకపోతే పుట్టిన పిల్లలు పుట్టినట్టే చలికి పోతాయి.

మెకానిక్‌కి ఫోన్ చేసింది. తనకు జ్వరమనీ, తెలిసినవాణ్ణి పంపుతాననీ అన్నాడు.

ఆ తెలిసినవాడు తెల్ల వ్యానులో వచ్చాడు.

లోయలో క్వాడ్ చోరీ అయిన ప్రతిసారీ జనం చెప్పుకునేది తెల్ల వ్యాను గురించే. మెరెరిద్ పాత బండీ అలాగే పోయింది. అప్పటినుంచి ఆవిడ కుక్కతో పాటు అనుమానాన్ని కూడా పెంచుతోంది.

అతను సీటు ఎత్తి, స్కానర్ తీగ తగిలించాడు.

“అదేం చేస్తుంది?”

“బండికి ఎక్కడ నొప్పో చెబుతుందమ్మా.”

“తాళం లేకుండా ఎలా తోలుకుపోవాలో కూడా చెబుతుందా?”

అతను నవ్వాడు. తెర మీద అక్షరాలూ అంకెలూ కనబడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

“ఇది ఎక్కడ కొన్నారు?”

“సంతలో.”

“అమ్మినవాడు తెలిసినవాడేనా?”

“జబ్బు చెప్పవయ్యా అంటే జాతకం అడుగుతావేం?”

అతను కొండ వైపు చూశాడు.

“ఇంట్లో ఇంకెవరూ లేరా అమ్మా?”

మెరెరిద్ ఒక అడుగు వెనక్కి వేసింది.

“కుక్క ఉంది. కరుస్తుంది.”

వంటింట్లోకి వెళ్లి కానిస్టేబుల్ ఎమ్లిన్‌కి ఫోన్ చేసి, వ్యాను నంబరు చెప్పింది. కిటికీలోంచి చూస్తే, అతను సీటు మీద చెయ్యేసి ఊరికే నిలబడి ఉన్నాడు. చాలాసేపటికి వంగి పని మొదలుపెట్టాడు.

ఆమె బయటికి వచ్చేసరికి ఇంజన్ ఆడుతోంది.

“బండి ఒరిగితే ఇంజన్ ఆపేసే సెన్సర్ ఒకటుంది. దాని తీగ తుప్పు పట్టింది. మార్చాను.”

“ఎంతివ్వాలి?”

“ఏమీ వద్దు. ముందు పైకి వెళ్లండి, పిల్లలు చచ్చిపోతాయి.”

ఊరికే పని చేసేవాణ్ణి మెరెరిద్ ఎన్నడూ నమ్మలేదు.

“పోయేటప్పుడు గేటు వేసి పో,” అంది.

సాయంత్రం ఆమె కొండ దిగేసరికి ఎమ్లిన్ వాకిట్లో ఉన్నాడు.

“ఆ వ్యానుని వంతెన దగ్గర ఆపాం పిన్నీ. సామానంతా మంచులో దింపించి వెతికాం. ఏమీ లేదు. పేరు తెగిద్. పక్క లోయలో గొర్రెలు పెంచుకుంటూ, బండ్లు కూడా బాగుచేస్తాడు. పాపం, మొన్న ఆకురాలు కాలంలో అతని క్వాడే ఎవరో ఎత్తుకుపోయారు.”

మెరెరిద్‌కి సిగ్గేసింది.

“మా పిన్ని బండీ నీ బండిలాంటిదే కదా, నంబరు చూశావా అని అతన్ని అడిగాను. స్కానర్‌లో చూశాను, అది నాది కాదు అన్నాడు.”

ఆ మాటను కూడా మెరెరిద్ అనుమానించింది.

“అతను ఫిర్యాదులో ఇచ్చిన నంబరుందా నీ దగ్గర? చదువు.”

ఎమ్లిన్ ఫోన్ తీసి చదివాడు. ఆమె వంగి, బండి చట్రం మీద బురద తుడిచి చూసింది. మళ్లీ చదవమంది. మళ్లీ చూసింది. చివరి అంకె దాకా అదే నంబరు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నీకు అబద్ధం చెప్పాడు ఎమ్లిన్,” అంది. “ఇది అతని బండే.”