మూడో ప్రకటన

చర్చి మెట్ల కింద చెప్పులన్నీ లోపలివైపు ముఖం పెట్టి ఉంటే, ఒక్క జత మాత్రం రోడ్డువైపు తిరిగి ఉంది.

అవి జయశీలవి. బోర్డు స్కూలు టీచరు గనక, ఆ రోజుల్లో ఆ ఊళ్లో చెప్పులేసుకునే ఆడమనిషి ఆమె ఒక్కతే.

పారిపోవాల్సి వస్తే తిప్పుకునే పని ఉండకూడదని ఆమె ఏర్పాటు.

పెళ్లి ఖాయమైతే పాస్టరు గారు వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. మూడోది చదివినాక ఇక వెనక్కి పోయేది లేదు. మూడో ఆదివారం దగ్గరికొచ్చేసరికి జయశీల గుండె ఇసకలో పడ్డ చేపలా కొట్టుకునేది.

మొదటి సంబంధమప్పుడు చిట్టమూరు బస్సెక్కేసింది. రెండోసారి, ఎవరికీ అంతుపట్టని జ్వరం తెచ్చుకుంది.

ఇది మూడో సంబంధం. పెళ్లికొడుకు పేరు హెబ్రోను. పెన్న అవతలి ఒడ్డున సైకిలు షాపు.

భయం అతన్ని చూసి కాదు. అక్క కరుణాకుమారిని చూసి.

ఒకప్పుడు ఈ చర్చిలో పాట ఎత్తుకునేది అక్కే. ఆమె గొంతు విప్పితే కాలవ గట్టు మీద పొయ్యేవాళ్లు నిలబడిపోయేవాళ్లు. ఇప్పుడు పుట్టింటికొస్తే,

"కాఫీ ఇచ్చేదా, మజ్జిగిచ్చేదా అక్కా?"

"ఆయన్ని అడిగి చెప్తానే."

బావ మంచివాడే. అక్కను పల్లెత్తు మాట అనడు. జయశీలకు అదే మరీ భయం. ఎవరూ లాక్కోకుండానే పోయింది, అక్క గొంతు.

"ఈసారి గాని పరిగెత్తినావంటే నేను మళ్లా చర్చి మెట్టెక్కనమ్మే," అన్నాడు నాయన క్రీస్తుదాసు. ముప్పై ఏళ్లుగా ఆ చర్చి గంట కొట్టేది ఆయనే.

మూడో ఆదివారం వచ్చింది.

ఆడవాళ్ల వైపు చాప మీద, పైట చెంగు తాడులా మెలిపెట్టుకుంటా కూర్చుంది జయశీల. తనే లేచి చెప్పేయాలి. నాయన ముఖం చూడకుండా చెప్పేయాలి.

సంజీవరావు పాస్టరు గారు కళ్లజోడు సర్దుకున్నారు.

"... ఇది మూడవ ప్రకటన. ఎవరికైనను అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను."

జయశీల చాప మీద చెయ్యానించి లేవబోయింది.

"ఉందయ్యగారూ!"

మగవాళ్ల వైపు నుంచి. లేచి నిలబడింది పెళ్లికొడుకే.

"నీ పెళ్లికి నువ్వే అభ్యంతరమా? ఎవరి మీద?"

"నా మీదే. నాకు గురక. పెన్న దాటి ఇవతలికి వినపడతాది. ఆ సంగతి అమ్మాయికి ఎవురూ చెప్పలా."

చర్చంతా ఘొల్లుమంది. పాస్టరు గారు నవ్వలేదు. ఆయనకు రూలంటే రూలే. అభ్యంతరం వచ్చిందంటే మళ్లా మొదటి నుంచి మూడు వారాలు.

జయశీల మెల్లిగా చెంగు వదిలింది. వేళ్ల మీద ఎర్రగా వాతలు తేలి ఉన్నాయి.

మళ్లా మూడో ప్రకటన నాడు మళ్లా లేచినాడు.

"నాకు పాట రాదయ్యగారూ. మా ఇంట్లో ఆమె ఒక్కతే పాడుకోవాల."

ఆ రోజు బయట, సైకిలు తీసుకుంటుంటే పోయి అడ్డం నిలబడింది జయశీల.

"ఏందండీ ఈ ఆట? మీకు నేను వద్దనుకుంటే నేరుగా చెప్పొచ్చు గదా?"

"వద్దని ఎవురన్నారు?" గ్రీసు నలుపు దిగని వేలితో మెట్లవైపు చూపించినాడు. "మీ చెప్పులు ఇంకా రోడ్డు మీదికే చూస్తా ఉండాయి. అవి ఇటు తిరిగిందాకా నాకు అభ్యంతరాలకు కొదవలేదు. ఉప్పు ఎక్కువ తింటా. కోపం తక్కువ. మా అమ్మ నన్ను ఇంకా అబ్బోడా అని పిలస్తాది."

నవ్వొచ్చింది జయశీలకు. గొంతు దాకా వచ్చి, అక్కడే భయానికి తగిలి ఆగిపోయింది.

ఆ తర్వాత రెండు ఆదివారాలు మామూలుగానే గడిచినాయి. మూడో ఆదివారానికి తుపాను పట్టింది.

మూడు రోజులుగా ఒకటే వాన. అయినా జనం గొడుగులేసుకుని, గోనెలు కప్పుకుని చర్చి నిండా వచ్చినారు. ఈసారి ఏం చెప్తాడోనని.

"పెన్న పొర్లుతా ఉందంట," పక్కన కూర్చున్న ఎలిశబెతమ్మ చెవిలో అనింది. "పొద్దున పడవొకటి తాడు తెంచుకుని కొట్టుకుపోయిందంటమ్మే."

హెబ్రోను రావాల్సింది పడవలోనే.

మెట్ల కింద చెప్పులు ఎటు తిప్పి విడిచిందో జయశీలకు గుర్తు లేదు.

మగవాళ్ల వైపు, కిటికీ పక్కన అతను కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ కూర్చోలేదు. వాన జల్లుకు ఆ చాప తడుస్తా ఉంది.

"... అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను."

అందరి తలలూ కిటికీ వైపు తిరిగినాయి. పెంకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

పాస్టరు గారు కలం మూత తీసినారు. "అభ్యంతరము లేనందున..."

జయశీల లేచి నిలబడింది.

వెనక గోడకానుకుని ఉన్న క్రీస్తుదాసు కళ్లు మూసుకున్నాడు.

"అయ్యగారూ," అనింది జయశీల. "అభ్యంతరం చెప్పాల్సిన మనిషి ఇంకా రాలేదు. వచ్చిందాకా ఆగండి."

కలం ఆగింది. ఎవరూ నవ్వలేదు.

క్రీస్తుదాసు కళ్లు తెరిచి కూతురి వైపు చూసినాడు. తువ్వాలు తల మీద కప్పుకుని వానలోకి పోయి, గంట తాడు అందుకున్నాడు. ఏటి అవతలికి వినపడేట్టు కొడతానే ఉన్నాడు.