ఎండల్లో వాన పాట

జమున గనిలోకి దిగే ఇనుప పైపుకు చెవి ఆనించింది. గని ముందు చేరిన జనం ఊపిరి బిగబట్టారు.

టక్... టకటక్... టక్.

పొద్దున పైకప్పు కూలి, లోపల రఘుపతి, సోహైల్ చిక్కుకుపోయారు. గోదావరిఖని కార్మికవాడల్లో వాళ్ళ పాట వినని గడప లేదు. డప్పు మీద దరువు పుట్టించేది రఘుపతి. ఆ దరువు వెంట పరుగెత్తి మాటలు రాసేది అతని భార్య జమున. పాడేది సోహైల్.

“ఏమైనా తెలుస్తోందా అమ్మా?” రెస్క్యూ ఆఫీసర్ అడిగాడు.

“మా దరువే సార్.”

ఒక వరుస మోగింది. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ ఇంకో వరుస. ఆ సందుల్లో జమున పెదవులు కదిలాయి. తను రాసిన మాటలు ఒక్కొక్కటీ వచ్చి కూర్చుంటున్నాయి. ఆమె మొహం పాలిపోయింది.

“ఇది వాన పాట! లోపలికి నీళ్ళొస్తున్నయి సార్, జల్ది పంపులు పెట్టున్రి!”

“చప్పుడు విని ఎలా నమ్మమంటావమ్మా?”

“నేను రాసిన పాట నాకు తెల్వదా? గీ ఎండల్ల వాన పాట ఊకెనే కొడ్తరా సార్? ఆలస్యమైతే మనిషి దక్కడు!”

ఆఫీసర్ ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూశాడు. తర్వాత పరుగెత్తాడు. పంపులు మొదలయ్యాయి.

సోహైల్ తల్లి మక్సూదా వచ్చి జమున చెయ్యి పట్టుకుంది. “రఘుపతి పైపు కొడుతుండు, బతికున్నడు. నా కొడుకు సంగతేమన్న చెప్పిండా బేటీ?”

జమున కొంగుతో మొహం తుడుచుకుంది.

“నీ కొడుకొస్తడు ఖాలా. ఏడ్వకు.”

దెబ్బలు నీరసించసాగాయి. జమున రాయి అందుకుని పైపు మీద బదులు కొట్టింది. లోపలి చప్పుడు ఆగబోయినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ కొట్టింది. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు.

పొద్దు వాలేవేళకు స్ట్రెచర్ మీద సోహైల్‌ను పైకి తెచ్చారు. ఒళ్ళంతా బురద. మక్సూదా కొడుకు మీద పడి బావురుమంది. అతని చూపు మాత్రం జమునను వెతుక్కుంది.

“అక్కా... అన్న...”

“తెల్సు తమ్మీ,” అంది జమున, “మీ అన్న దరువు నా మాటల కోసం ఎన్నడూ ఆగలే, గట్ల ఆగి ఆగి కొడ్తుంటే కొట్టేది నువ్వని, నువ్వొక్కనివే మిగిలినవని మొదటి వరుసకే తెలిసింది.”